ముక్కుపసుపు

మా ఆయనకు నలభై ఏడేళ్ళు వచ్చేసరికి ఒంట్లో ఒక్కొక్కటే సెలవు పెట్టి వెళ్ళిపోయింది. మొదట కాళ్ళు వెళ్ళాయి. రింగు చుట్టూ బొంగరంలా తిరిగిన మనిషి ఒకచోట నిలబడి ఎదుటివాణ్ణే రమ్మని పిలవడం మొదలుపెట్టాడు. తర్వాత చూపు, ఆ తర్వాత ఊపిరి. గుద్దు మాత్రం వెళ్ళలేదు. హెవీవెయిట్ల ఒంట్లోంచి అన్నిటికన్నా చివర వెళ్ళేది గుద్దేనట. అదీ ఎప్పుడో ఒకప్పుడు వెళ్ళవలసిందే. వెళ్ళనిస్తే బాగుండేది. వెళ్ళనివ్వలేదు.

ఆయన పేరు సూరాడ ఎల్లాజీ. విశాఖపట్నం జాలారిపేటలో ఆ పేరు చెబితే ఇప్పటికీ ఎవరైనా ఇల్లు చూపిస్తారు. ఒకప్పుడు దేశానికంతటికీ హెవీవెయిట్ ఛాంపియన్. ఆ గుద్దు పుణ్యాన ఆటగాళ్ళ కోటాలో ఉద్యోగం వచ్చింది, ఆ ఉద్యోగం చూసి మా నాన్న నన్నిచ్చాడు. నా పేరు పరదేశమ్మ. ఆర్టీసీలో కండక్టర్ని. టికెట్టు తీసుకున్నవాడెవడో, తీసుకున్నట్టు నటిస్తున్నవాడెవడో మొహం చూసి చెప్పేస్తాను. పెద్ద చదువులు చదివినవాళ్ళ మొహాల మీద ఆ విద్య పనిచేయదని తర్వాత తెలిసింది.

సముద్రం ఒడ్డున ఒక రేకుల షెడ్డులో ఎల్లాజీ పేట పిల్లలకు బాక్సింగ్ నేర్పేవాడు. ఆ షెడ్డులో ఒక ఆచారం ఉంది. కొత్త పడవను మొదటిసారి నీళ్ళలోకి దించేముందు దాని ముక్కుకు పసుపు పెడతాం కదా, అలాగే పెద్ద పోటీకి వెళ్ళే పిల్లల ముక్కుకు గురువు పసుపు పెట్టాలి. వేలితో కాదు, పిడికిలితో. చేతికి గ్లవ్ లేకుండా, కణుపులకు తడి పసుపు రాసుకుని, ఉన్న బలమంతా పెట్టి మొహం మీదికి గుద్దు విసరాలి. అది ముక్కు కొస దగ్గర ఆగాలి. పసుపు అంటాలి, నొప్పి తెలియకూడదు. ఎదురుగా నిలబడినవాళ్ళు రెప్ప వేయకూడదు. వేశారో, చెప్పులు తొడుక్కుని బయటికి వెళ్ళిపోవడమే, ఆ రోజుకు పోటీ లేదు. దీన్ని ముక్కుపసుపు అంటారు. పోనీలే పిల్లలు కదా అని గురువు నెమ్మదిగా విసిరితే అది దీవెన కాదు, అవమానం.

ఎంతమంది ముక్కులకు పసుపు పెట్టాడో ఎల్లాజీకే తెలియదు. ఒక్క ముక్కు చెదరలేదు. మా ఒక్కగానొక్క కూతురు ఝాన్సీకి చిన్న వయసులో మొదటిసారి పెట్టినప్పుడు, అది రెప్ప వేయలేదు సరికదా, నాలుక బయటపెట్టి తండ్రిని వెక్కిరించింది. షెడ్డంతా నవ్వింది. ఎల్లాజీ ఆ రోజు ఇంటికొచ్చి, "నా రగతమే అది, నీది కాదు," అని నన్ను రెచ్చగొట్టాడు.

అదే ఝాన్సీ ఇప్పుడు సీనియర్ల జాతీయ పోటీలకు ఎంపికైంది. గొడవ అప్పుడే మొదలైంది.

ఒక ఆదివారం నేను టిఫిన్ పట్టుకుని షెడ్డుకు వెళ్ళేసరికి తండ్రీ కూతుళ్ళు సాధన చేస్తున్నారు. ఝాన్సీ ప్యాడ్లు పట్టుకుంది, ఎల్లాజీ గుద్దుతున్నాడు. కుడిచేతి గుద్దు ఒకటి పడగానే ఝాన్సీ వెనక్కి తూలి, "అబ్బా! సెయ్యి ఊడిపోయినాది నాన్నా," అంది. మిగతా పిల్లలు చప్పట్లు కొట్టారు. ఎల్లాజీ మాత్రం చేతులు దించేసి దాని కాళ్ళకేసి చూస్తూ నిలబడ్డాడు.

"ఎన్నాళ్ళబట్టే?"

"ఏటి నాన్నా?"

"తూలినోళ్ళు మడాల మీద పడతారే. నువ్వు మునేళ్ళ మీద ఎనక్కెళ్ళినావు. నానేటి నిన్నమొన్నటోణ్ణా? ఎన్నాళ్ళబట్టి ఏసాలేస్తన్నావు?"

ఝాన్సీ ప్యాడ్ల కేసి చూసుకుంది. "నువ్వు బాదపడతావని..." అంది చివరికి.

ఆ పూట ఆయన అన్నం ముట్టలేదు. "పిల్ల పేమకొద్దీ సేసినాది మావా," అన్నాను నేను. "వయసొత్తంది, అంతే గదా. నాకు మోకాళ్ళ నొప్పులు రానేదేటి?"

"నీ మోకాళ్ళకి ఎవులూ నాటకాలాడి సప్పట్లు కొట్టనేదు," అన్నాడు.

ఇరవయ్యేళ్ళ కూతురు తండ్రిని పసిబిడ్డలా బుజ్జగించడం ఎంత పెద్ద గుద్దో నాకు ఆయన మొహం చూస్తేనే తెలిసింది. మర్నాడు డాక్టర్ మంథా నిరంజన్‌కు తనే ఫోన్ చేశాడు.

నిరంజన్ అంతకుముందే మా ఇంటికి రెండుమూడుసార్లు వచ్చి వెళ్ళాడు. ఋషికొండ దాటాక కొండవాలులో కట్టిన ప్రయోగశాలకు ఆయన పెద్ద. ముసలితనంలో బలం ఎలా పోతుందో చూడటం ఆయన పని. ఎల్లాజీ గుద్దును కుర్రతనం నుంచీ శిక్షణ శిబిరాల్లో ఏటా కొలిచి ఉంచారు. ఒకే మనిషి గుద్దు అన్నేళ్ళపాటు కొలిచి ఉన్న చోటు తనకు ఇంకెక్కడా దొరకలేదని నిరంజన్ మా ఇంట్లో కూర్చుని బతిమాలాడు. అప్పుడు ఎల్లాజీ పొమ్మన్నాడు. ఇప్పుడు తనే వస్తానన్నాడు.

నేను కూడా వెళ్ళాను. చల్లటి గదిలో పైకప్పుకు ఒక బస్తా వేలాడుతోంది. లోపలంతా తీగలేనట. ఎల్లాజీ గుద్దగానే గోడ మీది తెరపై ఒక అంకె పడింది. నిరంజన్ పక్కన ఇంకో అంకె చూపించాడు.

"చూడండమ్మా. మీ ఆయన కండకు ఇప్పటికీ ఇంత గుద్దగలిగే సత్తా ఉంది. బస్తాకు చేరుతున్నది మాత్రం ఇంతే. మిగతాది ఎక్కడికి పోతోందో తెలుసా? చెయ్యి ముందుకు విసిరినప్పుడు వెనకవైపు కండ దాన్ని పట్టి లాగుతుంది, కీలు ఊడిపోకుండా. వయసు పెరిగేకొద్దీ మెదడుకు భయం ఎక్కువై ఇంకా ముందుగా పట్టేస్తుంది. మీకు అర్థమయ్యేలా చెప్పాలంటే, బ్రేకు మీద కాలు పెట్టి బస్సు నడుపుతున్నాడన్నమాట. మా మందు ఆ కాలు తీసేస్తుంది."

"తీసేత్తే మరి ఆగేదెలాగండీ?" అన్నాను.

ఆయన నవ్వాడు. "అన్ని పనులకూ కాదమ్మా. నెమ్మదిగా చేసే పనులు ఎప్పటిలాగే ఉంటాయి. చాలా వేగంగా విసిరినప్పుడే."

చెడ్డ మనిషి అని చెప్పను. వాళ్ళమ్మ కుర్చీలోంచి లేవలేక మంచాన పడిందట. ఎల్లాజీ గుద్దుతో మొదలుపెట్టి లోకంలో లేవలేని ముసలమ్మలందర్నీ లేపాలన్నది ఆయన కోరిక. నమ్మాను. అందులో అబద్ధం లేదు కూడా.

ఎల్లాజీ ఒక్కటే అడిగాడు. "నా పిల్ల తూలుద్దా డాక్టరు గారూ?"

"ఏ పిల్లండీ?"

"నా కూతురు. నా గుద్దుకి నిజింగా తూలుద్దా?"

"తప్పకుండా," అన్నాడు నిరంజన్.

భుజానికీ మెడ వెనకా సూదులు వేశారు. కుడి మణికట్టుకు నల్లటి పట్టీ ఒకటి కట్టారు. అది తీయకూడదు, స్నానంలో కూడా. ఎక్కడ చెయ్యి విసిరినా ఎంత బలంగా విసిరాడో అందులో ఎక్కుతుంది. నెల తిరిగేసరికి తెర మీద అంకె ఎగబాకింది. ఇంకొన్నాళ్ళకు ఎల్లాజీ పాతికేళ్ళ వయసులో కొట్టిన గుద్దును దాటేసింది. ఆ రోజు బస్తా కుట్లు విడిపోయి లోపలి తీగలన్నీ బయటపడ్డాయి. తెల్లకోట్లవాళ్ళందరూ ఈలలు వేశారు. ఎల్లాజీ వస్తూ వస్తూ మాడుగుల హల్వా కొనుక్కొచ్చాడు, పెళ్ళైన కొత్తలో తెచ్చినట్టు.

మర్నాడు షెడ్డులో ఝాన్సీ ప్యాడ్లు పట్టింది. మొదటి గుద్దుకే మడమల మీద తూలి వెల్లకిలా పడింది. పడినచోటే కూర్చుని, "ఈసారి ఏసం కాదు నాన్నోయ్," అని ఒకటే నవ్వు. ఆయన దాన్ని లేపి గుండెకు హత్తుకున్నాడు. వాళ్ళిద్దర్నీ అలా చూసి నాకు ఏడుపొచ్చింది. ఆ సంతోషం దొంగది కాదు. ఇప్పటికీ దాన్ని కాదనలేను.

ఆ తర్వాత ఇంట్లో చిన్న చిన్నవి కనిపించసాగాయి. తొడ మీద దోమను కొడితే వారం రోజులు కమిలిపోయేది. ఎవరి పెళ్ళిలోనో చప్పట్లు కొట్టి అరచేతులు వాచిపోయి వచ్చాడు. అమ్మవారి గుడిలో కొబ్బరికాయ కొడితే కాయతోపాటు వేళ్ళు కూడా బండకు తగిలి నెత్తురొచ్చింది. కాయ పగిలాక చెయ్యి ఆగాలి కదా, ఆగలేదు. నాకు భయమేసి నిరంజన్‌కు ఫోన్ చేశాను.

"కొత్త వేగం కదమ్మా, అలవాటు పడాలి," అన్నాడు. "బస్తా మీద ఫలితాలు అద్భుతంగా ఉన్నాయి."

"బస్తా సంగతి కాదండీ. సెయ్యి ఇసిరి మజ్జిలో ఆపమని ఎప్పుడైనా సూసినారా?"

"ఆపడం మా పరీక్షలో లేదమ్మా," అన్నాడు, చాలా మర్యాదగా.

ఆ సాయంత్రమే ఎల్లాజీకి గట్టిగా చెప్పాను. "మావా, కొన్నాళ్ళపాటు మనుషుల మీద సెయ్యి ఇసరకు. పిల్లలకి ప్యాడ్లు కూడా వద్దు. బస్తాతో సరిపెట్టుకో."

కొబ్బరికాయ సంగతి ఆయనకీ గుర్తుంది. "సరేలే," అన్నాడు. మాట తప్పలేదు కూడా. ఎవరినీ కొట్టలేదు, ఎవరితోనూ కలబడలేదు. పిల్లలకు నోటితోనే పాఠం చెప్పాడు.

ఝాన్సీ జాతీయ పోటీలకు బయల్దేరే రోజు వచ్చింది. పొద్దున్నే షెడ్డులో అందరం చేరాం. పసుపు తడిపి గిన్నెలో పెట్టి ఎల్లాజీ చేతికిచ్చింది నేనే. నాకు ఆ క్షణాన కొబ్బరికాయ గుర్తు రాలేదు. ఆయనకూ రాలేదు. ముక్కుపసుపు కొట్టడం కాదు కదా! మా పేటలో ఎవరినైనా అడగండి, అది దీవెన. దీవెనను దెబ్బల్లో ఎవరు లెక్కేస్తారు? ఝాన్సీ జడ పైకి ముడేసుకుని, గడ్డం ఎత్తి, తండ్రి కళ్ళలోకి చూస్తూ నిలబడింది. ఈసారి వెక్కిరించలేదు. ఎల్లాజీ కణుపులకు పసుపు రాసుకున్నాడు, ఊపిరి తీసుకున్నాడు, ఉన్న బలమంతా పెట్టి విసిరాడు.

ఝాన్సీ రెప్ప వేయలేదు. అది అందరూ చూశారు.

చెయ్యి ఆగలేదు.

ఆ చప్పుడు గురించి నేను రాయను. పిల్ల నేల మీద పడి ఉంటే ఎల్లాజీ తన పిడికిలిని ఎడమచేత్తో పట్టుకుని, "ఆపినానే, నానాపినానే," అంటూ ఉన్నాడు. నిజమే అయివుంటుంది. ఎన్నో ఏళ్ళుగా ఆపినట్టే ఆయన మనసు ఆపే ఉంటుంది. ఆ మాట చేతికి చేరే దారినే ప్రయోగశాలవాళ్ళు మూసేశారు.

ముక్కు ఎముక, ఎడమ దవడ పైఎముక, కంటి గూడు పగిలాయి. ముక్కు అతికింది. ఎడమ కన్ను పోయింది. ఆస్పత్రి వరండాలో పెద్ద డాక్టరు ఆ మాట చెప్పి, ఇక బాక్సింగ్ మాట ఎత్తవద్దన్నాడు. ఎల్లాజీ గోడకు ఆనుకుని కిందికి జారిపోయాడు. ఆయన వేళ్ళ మీద పసుపు ఇంకా పోలేదు.

నిరంజన్ పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఎల్లాజీ పక్కన నేల మీదే కూర్చుని ఏడ్చాడు. నిజం ఏడుపే, నాకు తెలుసు. ఏడుస్తూ ఏడుస్తూ ఆయన చూపు మా ఆయన మణికట్టు మీద పడింది. కళ్ళు తుడుచుకున్నాడు. అటూ ఇటూ చూశాడు. చివరికి చాలా మెల్లగా, "ఆ పట్టీ ఒకసారి ఇస్తారా ఎల్లాజీ గారూ," అన్నాడు.

ఎల్లాజీ చెయ్యి చాచాడు. నిరంజనే విప్పుకున్నాడు. ఆ వరండాలో నా చేతికి ఏదైనా దొరికి ఉంటే ఆ మనిషి తల పగిలి ఉండేది. ఏమీ దొరకలేదు. పైగా ఆ సమయంలో నేను మా ఆయన్ని పట్టుకోవాలా, నా పిల్ల దగ్గరికి పరుగెత్తాలా తెలియక మధ్యలో నిలబడిపోయాను.

తర్వాత ఏడాది ఎల్లాజీని మళ్ళీ కొలవాలని పిలిచారు. ఆయన ఆత్రంగా బయల్దేరాడు. తగ్గి ఉంటుందని ఆశ. ప్రయోగశాల గుమ్మం ఎదురుగా గోడ మీద పెద్ద బొమ్మ ఒకటి వేలాడదీశారు. వయసుతోపాటు ఎల్లాజీ గుద్దు ఎలా మారిందో గీత గీసి చూపించారు. కుర్రతనంలో పైకి లేచి, నడివయసులో మెల్లగా దిగి, నలభై ఎనిమిది దగ్గర ఒక్కసారిగా ఎగిరింది. అన్నిటికన్నా పైన ఎర్రరంగులో ఒక గుర్తు. వచ్చినవాళ్ళందరూ దాన్నే మెచ్చుకుంటున్నారు. నేను దగ్గరికెళ్ళి కింద ఉన్న తేదీ చదివాను. ఆ రోజు ఎల్లాజీ ఈ ప్రయోగశాలకు రాలేదు, మా షెడ్డులో ఉన్నాడు.

లోపల ఎల్లాజీ బస్తాను గుద్దాడు. తెర కేసి చూసి మొహం వేలాడేశాడు. "డాక్టరు గారూ, ముసిల్తనం బాగా ముదిరితే తగ్గుద్దా?"

"తగ్గదు ఎల్లాజీ గారూ. తగ్గకుండా చేయడమే కదా మనం..." అంటూ నిరంజన్ మధ్యలో ఆపేశాడు. ఆయనకు మాటల్లో ఆపడం వచ్చు.

"ఈ మందు మీ అమ్మగారికి ఏసినారా?" అని నేను అడిగాను.

"ఇంకా పరీక్షలు జరగాలమ్మా," అన్నాడు నేల చూపులు చూస్తూ.

అప్పటి నుంచీ ఎల్లాజీ ఇంట్లో కుడిచేతిని తువ్వాలుతో నడుముకు కట్టేసుకుని తిరిగేవాడు. అన్నం ఎడమచేత్తో తినేవాడు. కట్టుకోనవసరం లేదు, నెమ్మదిగా చేసే పనులకు ఏమీ కాదు, ఆ సంగతి ఆయనకూ తెలుసు. ఝాన్సీ పక్కనుంచి వెళితే మాత్రం గోడకు ఒదిగిపోయేవాడు. అది ఆయన కట్టు విప్పబోయేది. ఆయన వద్దనేవాడు. ఇల్లు ఇలా తయారైంది.

ఝాన్సీ మాత్రం నాలుగు గోడల మధ్య కూర్చునే రకం కాదు. షెడ్డు తాళాలు తీసుకుంది, పిల్లలకు పాఠం మొదలుపెట్టింది. పాఠం బాగానే చెప్పేది. ముక్కుపసుపు దగ్గరే చిక్కు వచ్చిపడింది. ఒంటికన్నుకు దూరం తెలియదు. మొదట్లో అది గ్లాసులో టీ పోస్తే బల్ల మీద పడేది. అలాంటిది పిడికిలిని పిల్లల ముక్కు కొస దగ్గర ఎలా ఆపుతుంది? అలాగని ఆచారం మానేస్తానంటే పిల్లలు ఒప్పుకోలేదు. పసుపు లేకుండా రింగెక్కేది లేదన్నారు. అందుకని దూలానికి దారం కట్టి నిమ్మకాయ వేలాడదీసింది. రోజూ పొద్దున్న దాని మీదికి గుద్దు విసిరేది. మొదట్లో కాయలు గోడకు కొట్టుకుని పగిలేవి. తర్వాత్తర్వాత ఊగేవి. చాలాకాలానికి, పసుపు అంటిన కాయ కదలకుండా నిలబడింది. తండ్రి గుమ్మం దగ్గర కూర్చుని అంతా చూసేవాడు.

ఈ ఏడు నీలవేణి అనే పిల్ల మొదటి పోటీకి సిద్ధమైంది. ఝాన్సీ పసుపు తడిపింది కానీ, పిల్ల మొహం కేసి చూసి వెనకాడింది. నిమ్మకాయ వేరు, మనిషి మొహం వేరు. అప్పుడు గుమ్మం దగ్గర నుంచి ఎల్లాజీ లేచాడు. తగ్గిందేమోనన్న ఆశతో ఆయన ఏటా వెళ్ళే కొలతల రోజు కూడా అదే, ప్రయోగశాల జీపు వచ్చి బయట ఆగి ఉంది. ఆయన చెప్పులు విడిచి లోపలికొచ్చి కూతురి ఎదురుగా నిలబడ్డాడు.

"ముందు నా మీద ఎయ్యే. ముసిలి ముక్కు, పోతే పోనీ."

"వద్దు నాన్నా."

"నెమ్మదిగా ఎయ్యకు. అవమానం సెయ్యకు నన్ను."

ఝాన్సీ నాకేసి చూసింది. నేను తల అడ్డంగా ఊపలేదు, నిలువుగా ఊపలేదు. అది కణుపులకు పసుపు రాసుకుని, ఉన్న ఒక్క కంటితో తండ్రి మొహాన్ని కొలుచుకుని, విసిరింది. గాలి చప్పుడైంది. పిడికిలి ఆయన ముక్కు కొస దగ్గర ఆగిపోయింది. బొట్టంత పసుపు అంటింది, అంతే. నీలవేణి ఎగిరి గంతేసింది. షెడ్డంతా కేకలు.

ఝాన్సీ చెయ్యి దించలేదు. ఆయన మొహాన్నే చూస్తోంది. కేకలు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

"కళ్ళు మూసినావు నాన్నా," అంది మెల్లగా.

ఎంతమంది హెవీవెయిట్లు మీదికి వచ్చినా రెప్ప వేయని మనిషి. గట్టిగా మూసిన కళ్ళు ఇంకా తెరవలేదు. తెరిచాక, "అవునే, మూసినాను," అన్నాడు. గుమ్మం దగ్గరికి వెళ్ళి చెప్పులు తొడుక్కున్నాడు.

"నీకు లెక్కనేదు నాన్నా, లోపలికి రా. బేగి రా," అని ఝాన్సీ వెంటపడింది.

"అందరికీ లెక్కే," అన్నాడు. ముక్కు మీది పసుపు తుడుచుకోకుండానే వెళ్ళి జీపులో కూర్చున్నాడు. ఆచారం ప్రకారం ఆ ఒక్కరోజు బయట ఉంటే చాలు. ఎల్లాజీ మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు.

లోపల ఝాన్సీ నీలవేణికి పసుపు పెట్టింది. ఆ పిల్ల రెప్ప వేయలేదు.

మధ్యాహ్నం నేను డ్యూటీలో ఉండగా డాక్టర్ నిరంజన్ ఫోన్ చేశాడు. శుభవార్త అన్నాడు. గుద్దు రవ్వంత కూడా తగ్గలేదట.